శనివారం అద్దె కారు

మెల్‌బోర్న్ నగరం శివార్లలో స్ప్రింగ్‌వేల్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే చన్నారికి ఇరవై ఏడేళ్ళు. కంబోడియా నుంచి వచ్చిన తల్లికి, తన పదేళ్ళప్పటి నుంచీ ఇంగ్లీషు నోరు ఆమే. ఆసుపత్రిలో, బ్యాంకులో అమ్మ మాట అవతలివాళ్ళకి, వాళ్ళ మాట అమ్మకి చెప్పి చెప్పి పెరిగింది. అందరి మాటలూ మోసిన ఆ పిల్ల తన మాట ఒక్కటి మూడేళ్ళుగా చెప్పలేకపోయింది. లామ్ అనే వియత్నాం కుర్రాడిని ప్రేమిస్తోందని. పిన్ని కూతురు పెళ్ళి కాకుండానే ఒకడితో కాపురం పెట్టిన ఏడాది, గుళ్ళో నలుగురి ముందూ తలెత్తలేక అమ్మ ఏడ్చింది. అది చూశాక చన్నారి నోటికి తాళం పడింది.

ప్రతి శనివారం డ్యూటీ ఉందని అమ్మకి చెప్పి మార్కెట్ వెనక వీధిలో లామ్ కారెక్కేది. ఆ శనివారం కారు తలుపు మీద చెయ్యేసిందో లేదో, వెనక నుంచి అమ్మ గొంతు.

“ఎవరే అతను?”

అమ్మ రెండు చేతుల్లో సంచులు, చేపలు, తూటికూర. చన్నారి తలుపు మీంచి చెయ్యి తీసేసింది.

“అద్దె కారమ్మా. బస్సు తప్పింది, డ్యూటీకని పిలిచా.”

“అయితే ముందు నన్ను దింపమను. ఎండకి చేపలు పాడైపోతాయి.”

అలవాటు కొద్దీ ముందు తలుపు తీసి, మళ్ళీ మూసి, వెనక అమ్మ పక్కన కూర్చుంది. “ఎక్కడికి మేడమ్?” అన్నాడు లామ్. వాళ్ళింటి వీధి మొదట్లో ఆమెను ఎన్నిసార్లు దింపాడో! ఛీ, అద్దంలో అతని కళ్ళు చూడలేక చేపల సంచీ వైపు చూస్తూ కూర్చుంది.

అమ్మ ఊరుకుంటేగా. “పిల్లాడు బుద్ధిగా నడుపుతున్నాడే. పెళ్ళయిందేమో అడుగు.”

“డ్రైవర్ని అవన్నీ అడుగుతారా?”

“అడిగితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా? అడుగు.”

అడిగింది.

“కాలేదు,” అన్నాడు లామ్. “ఒకమ్మాయి ఉందనుకున్నాను మూడేళ్ళుగా. ఇవాళ తెలీడం లేదు.”

“ఏమంటాడే?”

“ఎవరూ లేరంట.”

ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఎవరి మాటా మార్చి చెప్పలేదు చన్నారి. సిగ్గుతో చచ్చిపోయింది.

ఇంటి ముందు లామ్ సంచులన్నీ దింపి, అరచేతులు గడ్డం దగ్గర జోడించి, వంగి, “చుంరియప్ సువ, మింగ్” అన్నాడు. వాళ్ళ ఖ్మేర్ భాషలో నమస్కారం పిన్నీ అని. అమ్మను కలిసే రోజు కోసమని చన్నారే నేర్పింది. నెల్లాళ్ళు నాలుక తిప్పుకుంటూ నేర్చుకున్నాడు.

అమ్మ మురిసిపోయింది. “అబ్బో! ఎవరు నేర్పారట?”

“ఎవరో ప్యాసింజర్లై ఉంటారు,” అంది కూతురు, అతన్ని అడగకుండానే.

అమ్మ సంచిలోంచి అరిటాకులో చుట్టిన బంక అన్నం పొట్లం తీసి ఇచ్చింది. లామ్ రెండు చేతులా అందుకున్నాడు.

“ఇక మీదట ఈ అబ్బాయినే పిలువు. చెప్పవే అతనికి.”

“ఇక మీదట నిన్నే పిలవమంటోంది,” అంది చన్నారి.

“వద్దని చెప్పు. మళ్ళీ రాను,” అన్నాడు లామ్. కారెక్కి వెళ్ళిపోయాడు.

“ఏమన్నాడే?”

“సరేనన్నాడు.”

అమ్మ వీధి చివరిదాకా చూసి కూతురి వైపు తిరిగింది. “అదేంటి, డ్యూటీకని నువ్వు పిలిచిన కారు కదా? నిన్నెక్కించుకోకుండానే పోయాడేం?”

చన్నారి సంచులు ఎత్తుకుని లోపలికి నడిచింది. అమ్మ ముఖం చూడలేకపోయింది.