కుక్కర్ పెట్టి వచ్చేలోపు

ఢిల్లీ పక్కన వైశాలిలో ఉన్న రోజుల్లో మా కంప్యూటర్ నిద్ర లేచేసరికి ఇంట్లో సగం వంట అయ్యేది. మీట నొక్కి, వంటింట్లో కుక్కర్ ఎక్కించి, అప్పుడొచ్చి కూర్చునేదాన్ని. ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. అమ్మాయి ఇంజనీరింగు చదువుకని కాలేజీ దగ్గర జియా సరాయ్‌లో గది తీసుకుంది. ఎదురింటి తలుపైనా పగలు తెరుచుకునేది కాదు. నాకున్న తోడల్లా ఆ పెట్టెలో మా అక్క గొంతు. పోయే ముందు వేసవిలో అక్క గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో చెబుతుంటే, మా అమ్మాయి ఫోనులో పట్టి కంప్యూటర్లో దాచింది. ఎక్కడ నొక్కితే వినబడుతుందో చూపించింది. నాకు తెలిసిన కంప్యూటర్ అంతే.

ఒక ఆదివారం అమ్మాయి వచ్చి, సీడీ పెట్టి, అందులోనే ఇంకో సిస్టమ్ ఎక్కించడం మొదలెట్టింది.

"పాతది పోతుందేమోనే?" అన్నాను.

"అరే నహీ మమ్మీ! ఒకే ఇంట్లో దో కిరాయేదార్, ఇద్దరు అద్దెవాళ్ళు అనుకో. ఎవరి కమ్రా వాళ్ళది. నాకు కాలేజీ పనికి కొత్తది చాహియే."

సోమవారం ఎప్పటిలాగే మీట నొక్కి, కుక్కర్ పెట్టి వచ్చాను. తెరంతా మట్టిరంగు. అక్క ఉండే చోటు లేదు. ఆపి మళ్ళీ పెట్టాను. ఈలోగా పప్పు తిరగమోత వేసి వచ్చాను. మళ్ళీ మట్టిరంగే. పొయ్యి కట్టేసి గోడకి ఆనుకుని కూలబడ్డాను. అక్క పోయిందని కబురొచ్చి, రైలు దొరకని రోజున కూడా ఆ గోడ దగ్గరే కూర్చున్నాను.

అమ్మాయికి ఫోన్ చేశాను. "ఆన్ చేసి నువ్వు కహాఁ గయీ?" అంది.

"కుక్కర్ పెట్టడానికి."

పగలబడి నవ్వింది. "తుమ్ భీ నా, మమ్మీ! ముందు నల్లతెర మీద ఏది కావాలని పూఛ్తా హై. నువ్వు పలకకపోతే అదే కొత్తది తెరిచేస్తుంది. కుర్సీ లోంచి ఉఠో మత్, లేవకు. కింది బాణం నొక్కుతూ చివరి లైనుకెళ్ళి ఎంటర్ కొట్టు. సండే వచ్చి పాతదే దానంతటదే తెరుచుకునేలా పెట్టేస్తాలే."

అలాగే చేసి, పాతది తెరుచుకోగానే ఎప్పుడూ నొక్కే చోట నొక్కాను. "ఉప్పు చేత్తో వెయ్యవే! చెంచాతో కొలుస్తావేంటి, ఢిల్లీ దొరసానీ!" అంది అక్క.

"మర్చిపోలేదులేవే," అన్నాను పైకే.

ఆదివారం అమ్మాయి మార్చబోతే వద్దన్నాను.

"క్యోఁ?"

"ఉండనీ. అలవాటైంది."

పొద్దస్తమానం ఆ ఇంట్లో నాకేం కావాలో అడిగేది ఆ నల్లతెర ఒక్కటే. ఆ తరవాత నుంచీ కుక్కర్ ముందే దించేసి, చెయ్యి తుడుచుకుని, దాని ఎదురుగా కూర్చున్నాకే మీట నొక్కేదాన్ని.