కమాను లేని ఫిడేలు

మా బాబాయి పిచ్చి ఒక్కటే: మాండలిన్ మీద ఫిడేలు వాయించడం. మాండలిన్ మీటగానే మోగి, ఆ వెంటనే ఆరిపోతుంది. ఫిడేలు అలా కాదు, కమాను కదిలినంతసేపూ స్వరం పారుతూనే ఉంటుంది. ఆరిపోయేదాంట్లోంచి ఆ పారేదాన్ని పిండాలని బాబాయి ఒకే తీగను ఊపిరాడనీయకుండా మీటేవాడు. రేకుల కప్పు మీద వాన పడ్డట్టుండేది. ఒకసారి పిన్ని నిజంగానే మేడ మీద బట్టలు తీయడానికి పరిగెత్తింది.

ఆయన కళ్లజోళ్ల కొట్లోనూ ఇదే గోల. అక్షరాలు కనిపిస్తున్నాయా అని అడిగితే, కనిపిస్తున్నాయి గానీ చెవులు పోయేట్టున్నాయని ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయాడట.

అసలు ఫిడేలు మా నాన్నది. జంటలు ఆడే నాట్యశాల బ్యాండులో ముందు కుర్చీ ఆయనది, పక్క కుర్చీ బాబాయిది. నాన్న ఏ స్వరాన్ని సాగదీసినా బాబాయి దాని మీద పడి గలగలలాడించేవాడు. చప్పట్లు నాన్నకి, తిట్లు బాబాయికి. వెన్నెల మీద గులకరాళ్లు విసిరే మనిషని నాన్న విసుక్కునేవాడు. ఇంటికొచ్చే దారంతా తమ్ముడితో మాట కలిపేవాడు కాదు. నాకూ ఒళ్లు మండేది.

చివరికి బ్యాండు మాస్టారు బాబాయిని ఇక రావద్దన్నాడు. నాన్న అడ్డుపడలేదు. బాబాయి మాండలిన్‌ని తువ్వాలులో చుట్టుకుని, నాన్న వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ప్రదర్శనలో ఫిడేలు ఒంటరిగా వినిపించింది. పొడుగు స్వరం వణికింది, తెగింది, అతుక్కోబోయి మళ్లీ తెగింది. ఆడుతున్న జంటలు అడుగులు తప్పి ఆగిపోయాయి. కమాను లాగే నాన్న కుడి భుజం ఎప్పుడో పాడైంది. ఆ సంగతి తనకొక్కడికే తెలుసనుకున్నాడు ఆయన. మాస్టారు ముందు కుర్చీ ఇంకొకరికిచ్చేసి, విశ్రాంతి తీసుకోండంటూ మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నాడు.

మర్నాడు నాన్న వెంట నేనూ బాబాయి ఇంటికి వెళ్లాను.

"నా భుజం సంగతి నీకు తెలుసా?" అన్నాడు నాన్న.

"తెలుసు."

"అయితే చెప్పొచ్చుగా."

"చెబితే ఆ పూటే మానేసేవాడివి అన్నయ్యా."

"అందుకని ఊరందరి చేతా తిట్లు తింటావా?"

"నన్ను తిట్టే పనిలో పడితే నిన్నెవడు వింటాడు?"

నాన్న జరిగి బాబాయి పక్కన కూర్చున్నాడు. తన ఎడమ చెయ్యి మాండలిన్ మెడ మీద వేశాడు. రెండు వాయిద్యాల తీగలకీ శ్రుతి ఒకటే. నాన్న వేళ్లకి దారి తెలుసు. బాబాయి కుడిచేత్తో మీటడం మొదలుపెట్టాడు. పాట కుంటుకుంటూ కొంతదూరం నడిచి, ఒకచోట కీచుమంది.

"నీ మీటు," అన్నాడు నాన్న.

అన్నేళ్లలో మొదటిసారి బాబాయి తప్పు ఒప్పుకోలేదు.

"నీ వేళ్లు."

"సరే, మొదట్నుంచి రా. ఎవరిదో తేల్చేద్దాం."