ఒంటి చేతి అమరిక

ఆ ఫొటో స్టూడియోలో కంప్యూటర్ మొరాయిస్తే అందరి నోటా వచ్చేది ఒకటే మాట: "పెద్దమ్మాయిని పిలవండి." పెద్దమ్మాయంటే ఆ ఇంటి పెద్ద కోడలు. కింద స్టూడియో, పైన ఇల్లు. మొగుడూ మరిదీ కెమెరాలు భుజాన వేసుకుని పెళ్ళిళ్ళ వెంట తిరుగుతారు. అత్తగారు కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళను మాటల్లో పెడుతుంది. తీసుకొచ్చిన ఫొటోలకు మెరుగులు దిద్ది ఆల్బమ్‌గా కూర్చేది మాత్రం పెద్ద కోడలే.

ఒకసారి ఆమె మొగుడు ఏదో వెతుక్కుంటూ మోచెయ్యి కీబోర్డు మీద ఆనించాడు. అంతే, తెర మీద ఫొటోలు దిద్దే టూల్స్, పొరలుగా పేర్చిన లేయర్లు, రంగుల గళ్ళు అన్నీ ఎగిరిపోయి ఉత్త ఫొటో మిగిలింది. మనిషి నీరుగారిపోయాడు.

"వైరస్ వచ్చిందే" అన్నాడు.

ఆమె చేతిలోని టీ గ్లాసు కింద పెట్టకుండానే ట్యాబ్ కీ నొక్కింది. అన్నీ బుద్ధిగా వచ్చి ఎక్కడివక్కడ కూర్చున్నాయి. "మీ మోచెయ్యే వైరస్" అంది. ఇంకోసారి, బ్రష్ గుండ్రం పోయి సన్నటి ప్లస్ గుర్తు మాత్రమే కనిపిస్తోందని మరిది కొత్త మౌస్ కొనడానికి చెప్పులు తొడుక్కుంటుంటే, క్యాప్స్ లాక్ తీసి అతని చేత చెప్పులు విప్పించింది.

ఆమె సొంత తెర చూస్తే మాత్రం కొత్తవాళ్ళకు తల తిరుగుతుంది. మామూలుగా టూల్స్ ఎడమ అంచున, లేయర్లు కుడి పక్కన ఉంటాయి. ఆమెకు అన్నీ కుడి మూలకే గుంపుగా చేరి ఉంటాయి. రెండు కీలు కలిపి నొక్కాల్సిన పనులకు కూడా తెర మీదే బటన్లు చేసిపెట్టుకుంది. మౌస్ కాస్త కదిపితే చాలు, కీబోర్డుతో పనే లేదు. ఆ అమరిక సరదాకి పుట్టింది కాదు. ఆమె పని నేర్చుకునే రోజుల్లో ఎడమ చేతి మీద పసిపిల్ల ఉండేది. అత్తగారు కౌంటర్ దగ్గర నుంచి కదిలేది కాదు. ఎప్పుడైనా ఎత్తుకున్నా, "పట్టుకో, గిరాకీ వచ్చింది" అని పిల్లను చేతికిచ్చి వెళ్ళిపోయేది. ఆ పిల్ల ఇప్పుడు బ్యాగు తగిలించుకుని బడికి పోతోంది. అమరిక మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంతలో మరిదికి పెళ్ళయింది. చిన్న కోడలు అంతకుముందు ఒక పెద్ద స్టూడియోలో ఇదే పని చేసిన పిల్ల. పురుడు పోసుకుని, చంటివాడితో వచ్చి పనిలో కూర్చునేసరికి ఆమె కోసం కొత్త కంప్యూటర్ దిగింది. వెడల్పాటి మానిటర్. కిటికీ పక్క చోటు. అది చాలదన్నట్టు, ఫొటోలు పోల్చి చూసుకోవడానికి పెద్ద కోడలు తన పక్కన పెట్టుకునే రెండో మానిటర్ కూడా పట్టుకెళ్ళి కొత్త కంప్యూటర్‌కే తగిలించారు.

"నీకు ఒకటి చాలదుటే" అన్నాడు మొగుడు.

"నాకెప్పుడూ ఒకటి చాలుతుందిగా" అంది ఆమె.

మానిటర్ పోతే పోయింది. ఆమె కళ్ళల్లో నిప్పులు పోసింది ఇంకొకటి. కౌంటర్ వదలని ఆ అత్తగారు, గిరాకీని నిలబెట్టి మరీ, మనవణ్ణి భుజాన వేసుకుని రోడ్డు మీద పోయే బస్సులు చూపిస్తోంది. "నా తండ్రే, నా బంగారమే" అని ఒకటే మురిపెం. చిన్న కోడలు రెండు చేతులతో హాయిగా పని చేసుకుంటోంది. ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌస్ మీద. ఆ టకటకలు వినబడినప్పుడల్లా పెద్ద కోడలు తన మౌస్‌ను ఇంకాస్త గట్టిగా నొక్కేది.

అలాంటి సమయంలో డాక్టరమ్మగారి కూతురి పెళ్ళి ఆల్బమ్ వచ్చింది. ఆ కుటుంబం ఫొటోలు మొదటి నుంచీ పెద్ద కోడలి చేతి మీదుగానే పోతాయి.

"ఈసారికి చిన్నదాన్ని చెయ్యనీవే. కొత్త పద్ధతులు తెలిసిన పిల్ల" అంది అత్తగారు.

"అలాగే అత్తయ్యా" అంది పెద్ద కోడలు. ఇకమీదట ఆ ఇంటి ఆల్బమ్‌లన్నీ చిన్నదానివేనని ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఆల్బమ్ చూసుకోవడానికి డాక్టరమ్మ వస్తానన్న రోజు వచ్చింది. ఆ పొద్దున చిన్న కోడలు పిల్లాడికి నీళ్ళు పొయ్యడానికి పైకి వెళ్ళింది. పెద్ద కోడలు లేచి వెళ్ళి, కిటికీ పక్కనున్న తన పాత మానిటర్ కేబుల్ పీకి, రెండు చేతులతో మోసుకొచ్చి, తన బల్ల మీద పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఎవరి వస్తువు వాళ్ళు తెచ్చుకోవడానికి చెప్పేదేముంది.

డాక్టరమ్మ వచ్చేస్తుందన్న హడావిడిలో చిన్న కోడలు పక్కకి కూడా చూడకుండా వచ్చి కూర్చుంది. ఆల్బమ్ తెరిచింది. కాసేపటికి "అక్కా, లేయర్లు కనిపించడం లేదు. టూల్స్ కూడా" అంది.

"చూడు, అక్కడే ఉంటాయి."

చిన్నది ట్యాబ్ కొట్టింది. ఫుల్ స్క్రీన్ పెట్టింది, తీసింది. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచింది. చివరికి కంప్యూటర్‌నే ఆపి మళ్ళీ వేసింది. ఏ కీ నొక్కుతోందో పెద్ద కోడలికి చప్పుడును బట్టే తెలుస్తోంది. ఏమైందో కూడా తెలుసు. చిన్నది టూల్స్, లేయర్లు ఉండే ప్యానెల్స్ అన్నీ రెండో మానిటర్ మీదికి లాగి పెట్టుకుంది. అవి పోలేదు, లేని మానిటర్ మీద తెరిచే ఉన్నాయి. మానిటర్ పట్టుకుపోయారని ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇంకా తెలియలేదు, అంతే. పెద్ద కోడలు తన తెర మీది గిరాకీల పాస్‌పోర్ట్ ఫొటోల వైపే చూస్తూ కూర్చుంది. చాలా రోజుల తర్వాత కడుపు చల్లగా ఉంది.

"ఏమైందే?" అని అత్తగారు పిల్లాడితో లోపలికి వచ్చింది. విషయం విని పెద్ద కోడలి వైపు తిరిగింది. "పోనీ నువ్వు కూర్చోవే తల్లీ. ఆవిడ వచ్చేస్తుంది. నీ చేతిలో అయితే గండం గడుస్తుంది."

పెద్ద కోడలు ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమే. నెమ్మదిగా లేచింది. అదే క్షణంలో ముందు గదిలో ఎవరో "అమ్మా, ఫొటో తీస్తారా" అని పిలిచారు. అత్తగారు పిల్లాణ్ణి వాడి తల్లి చేతిలో పెట్టేసింది.

"పట్టుకో, గిరాకీ వచ్చింది."

పెద్ద కోడలు అడుగు ఆపింది. ఆ మాటే, ఆ గొంతే. చిన్నది పిల్లాణ్ణి ఎడమ చేతి మీదికి తీసుకుని కుర్చీ ఖాళీ చేసింది. వాడు గుక్క పట్టాడు.

పెద్ద కోడలు కూర్చుని విండో మెనూ తెరిచి, వర్క్‌స్పేస్‌లోకి వెళ్ళి, అమరికను మొదటికి తెచ్చే రీసెట్ నొక్కింది. ప్యానెల్స్ అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"ఇంతేనా?" అంది చిన్నది. కంగారు తగ్గాక గానీ బల్ల మీద ఖాళీ చోటు కనబడలేదు. "మానిటర్ పీకినప్పుడు చెప్పొచ్చుగా అక్కా."

"చెప్పొచ్చు."

మౌస్ చేతిలోనే ఉంది. ఒక్కొక్క పేజీ తిప్పింది. పెళ్ళికూతురి అమ్మమ్మ నవ్వుతున్న ఫొటో దగ్గర ఆగింది. తనైతే ముడతలన్నీ నున్నగా చేసేసేది. చిన్నది ఒక్క గీత కూడా చెరపకుండా వెలుగు మాత్రం సవరించింది. ముసలామె మాట్లాడబోతున్నట్టుంది. బాగుంది. బాగుండటమే పెద్ద కోడలి గుండెల్లో ముల్లులా దిగింది. ఇప్పుడు నున్నగా చేసేసినా అడిగేవాళ్ళు లేరు. కుర్చీ తనది, ఆల్బమ్ తనది.

వెనక చిన్నది పిల్లాణ్ణి ఊపుతూ అంది, "ఇంకా నాలుగు పేజీలున్నాయక్కా. నీ ఒంటి చేతి అమరిక ఇందులో వెయ్యవా? వీణ్ణి ఎత్తుకునే చేసుకుంటాను."

"వెయ్యను."

చిన్నది బిత్తరపోయింది.

"ఒంటి చేత్తో చెయ్యగలవని తెలిసిందంటే ఇక నీ రెండో చెయ్యి ఎవరూ ఖాళీ చెయ్యరు" అంటూ లేచింది పెద్ద కోడలు. "ఇటివ్వు వాణ్ణి."

పిల్లాణ్ణి ఎడమ చేతి మీదికి తీసుకుంది. ఆ చేతికి ఆ బరువు ఇంకా గుర్తుంది. వాడు ఆమె మెడ మీద చొంగ కార్చి ఊరుకున్నాడు.

"మానిటర్ మాత్రం ఇవ్వను. అడగకు" అంది.

"అడగనక్కా" అని చిన్నది కుర్చీలో కూర్చుని పని అందుకుంది. పెద్ద కోడలు పిల్లాణ్ణి జోకొడుతూ, కీబోర్డు మీద పరుగెడుతున్న ఆ రెండు చేతులనూ చూస్తూ నిలబడింది. అసూయ అలాగే ఉంది, కొంచెం కూడా తగ్గలేదు.