మళ్లీ అన్నం తిన్నాక

ఆ ఉదయం మేడ్చల్‌లో మా చెల్లెలు సుజాత ఇంట్లో బాత్రూమ్ గోడ పట్టుకుని నిలబడిపోయాను. మూత్రం నల్లటి డికాక్షన్‌లా వచ్చింది. కాళ్లలో బలం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

అప్పటికి మా ఆయన పోయి నెల దాటింది. శామీర్‌పేటలో ఇద్దరం చేపలు అమ్మేవాళ్లం. నేను తూకం వేస్తే ఆయన కోసి ఇచ్చేవాడు. గుండెపోటుతో ఒక్క పూటలో వెళ్లిపోయాడు. తర్వాత నాకు ముద్ద దిగలేదు. చాయ్ తాగి పడుకునేదాన్ని. సుజాత వచ్చి తనింటికి తీసుకెళ్లింది.

"అక్కా, బావ ఎట్లాగూ రాడు. నువ్వు గూడ పోతే నాకెవరున్నరు?" అని ఏడ్చింది.

దాని కోసం తిన్నాను. పూటపూటకూ అన్నం, పప్పు, అరటిపళ్లు పెట్టింది. నేను కోలుకుంటానని ఇంట్లోవాళ్లకు ఆశ కలిగింది. ఆ తర్వాతే మూత్రం రంగు మారింది.

ఆస్పత్రిలో ముందు కామెర్లనుకున్నారు. హీమోగ్లోబిన్ బాగా పడిపోయింది. తిండి సంగతి అడిగితే సుజాత చెప్పింది: "నెల సంది చాయ్ మీదనే ఉంది మేడం. మొన్నటి నుంచే తింటాంది."

డాక్టరమ్మ వెంటనే ఫాస్ఫేట్ టెస్ట్ రాశారు. చాలా తక్కువగా వచ్చింది.

"ఎర్ర రక్తకణం సన్నటి నాళాల్లో వంగుకుంటూ పోవాలె. దాని పొర మెత్తగ ఉండాలంటే ఫాస్ఫేట్ అనే లవణం కావాలె. తినక నిల్వ తగ్గింది, ఒక్కసారే తినేసరికి ఉన్నది కూడా ఖర్చయింది. పొర బిగుసుకుపోయి కణాలు పగులుతున్నయ్, ఆ రంగే మూత్రంల వస్తాంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటరు."

సుజాత ముఖం పాలిపోయింది. "నేను పెట్టిన అన్నమేనా మేడం?"

"నీ తప్పేం లేదమ్మా. తినని మనిషికి ఎవరైనా పెడతరు."

ఐసీయూలో ఫాస్ఫేట్ డ్రిప్ పెట్టారు, రక్తం ఎక్కించారు. మధ్యలో ఫాస్ఫేట్ మళ్లీ పడిపోయి, ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. గంజి కొలిచి కొంచెం కొంచెంగా ఇచ్చేవారు. అక్కడే నాకు నిజంగా ఆకలేసింది. ఇంకొంచెం పొయ్యమని నర్సును అడిగాను. ఆయన లేకపోయినా నాకు ఆకలేస్తోందే అని, గిన్నె చేతిలో పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు మళ్లీ చేపలు అమ్ముతున్నాను. కోయడం కూడా నేనే. మధ్యాహ్నం సుజాత ఫోన్ చేస్తుంది. "తిన్నవా అక్కా?" తినకపోయినా తిన్నాననే రోజులున్నాయి. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక్కదాన్నే కూర్చుని నాలుగు ముద్దలు తింటాను.

మీ ఇంట్లో దుఃఖంతోనో జబ్బుతోనో చాలా రోజులు తినని మనిషి ఉంటే, ప్రేమ కొద్దీ ఒకేసారి కడుపునిండా పెట్టకండి. ముందు డాక్టరుకు చూపించండి. ఎన్నాళ్లుగా తినడం లేదో దాచకుండా చెప్పి, ఫాస్ఫేట్ చూడమని అడగండి.