మంజు చుక్కలు పెట్టని మన బ్యాచ్ షర్టు

నిన్న పొద్దున షాపులో ప్రింటింగ్ స్క్రీన్లు కడుగుతుంటే మంజు బామ్మర్ది ఫోన్ చేశాడు.

"అన్నా, బావ పోయినాడన్నా" అన్నాడు.

చేతులకి సబ్బు నురగతో అట్లే నిలబడిపోయాను. ముందురోజు సాయంత్రమే "రేపు షర్టు ఫైల్ ఇస్తా, స్క్రీన్లు రెడీగా పెట్టు" అని చెప్పి బండెక్కిన మనిషి.

హార్ట్ ఎటాక్. చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. సాయంత్రం దిబ్బూరహళ్ళిలో మట్టి చేసి వచ్చాం.

రాయడానికి ఓపిక లేదు.

కానీ మన బ్యాచ్ గ్రూపులో అందరూ ఎలా జరిగిందని అడుగుతున్నారు. ఆదివారం గెట్ టుగెదర్ షర్టుల సంగతి మాత్రం మొహమాటంతో ఎవరూ ఎత్తడం లేదు. రెండూ ఇక్కడే చెప్పేస్తాను.

తెలియనివాళ్ళ కోసం. మంజు, నేను స్కూల్లో ఒకే బెంచీ. తర్వాత చింతామణిలో ఇద్దరం కలిసి టీషర్ట్ ప్రింటింగ్ షాపు పెట్టుకున్నాం. కంప్యూటర్ వాడిది, ఇంకు నాది.

వాడికి ఒకటే పిచ్చి. కొత్త షర్టు పాతదానిలా కనిపించాలి.

కంప్యూటర్లో గీసిన బొమ్మ మరీ నున్నగా ఉంటుంది. అట్లే ప్రింటుకి పంపమంటే వాడికి ప్రాణం ఒప్పదు. పాత పేపర్లో ఫోటోని దగ్గరగా చూస్తే చుక్కలు చుక్కలుగా కనిపించేది కదా, అవే హాఫ్‌టోన్ చుక్కలు. అవి పెట్టి, అక్కడక్కడా అరిగినట్టు చేస్తేగాని ఫైల్ నా చేతికి ఇచ్చేవాడు కాదు.

ఆ అరిగిన టెక్స్చర్ నెట్‌లో ఊరికే దొరుకుతుంది. అయ్యగారికి అది పనికిరాదు. ఒకసారి వాళ్ళమ్మ గూళ్ళు కట్టడానికి పట్టుపురుగులు ఎక్కించే చంద్రికె ఎత్తుకొచ్చాడు. ఆ వెదురు తట్టకి నా నల్ల ఇంకు పూసి, పేపర్ మీద అచ్చు తీసి, స్కాన్ చేశాడు. ఇంకు వాసనకి పురుగు ఎక్కదని వాళ్ళమ్మ ఆ పంట అయ్యేదాకా తిట్టింది. ఇంకు నాది కాబట్టి నేనూ తిట్టాను.

ఇంకోసారి బట్లహళ్ళి కబడ్డీ టీమ్ కెప్టెన్ షర్టుల మూట వెనక్కి తెచ్చాడు.

"ఏమప్పా, ఉతకకముందే రంగు పోయిండాది" అన్నాడు.

నేను మళ్ళీ ప్రింటు కొట్టి ఇద్దామనే అన్నాను. మంజు వాదించలేదు. చుక్కలు లేని నిండు ఇంకు షర్టు ఒకటి ఇచ్చి, ఇది వేసుకుని ఎండలో ఆడి రమ్మన్నాడు. ఆ నిండు ఇంకు చెమటకి ప్లాస్టిక్ కవర్ మాదిరి రొమ్ముకి అతుక్కుందట. చుక్కల మధ్య గాలి ఆడుతుంది కదా. కెప్టెన్ మర్నాడొచ్చి నోరు మూసుకుని పాత మూటే తీసుకెళ్ళాడు.

ఇప్పుడు మన షర్టు సంగతి.

ఈ పొద్దున వాడి సిస్టమ్ తెరిచాను. మన స్కూలు బొమ్మ పూర్తిగా గీసి పెట్టాడు. పెంకుల కప్పు, మెట్లు, కొళాయి దగ్గర మన క్యూ. చుక్కలు ఒక్కటే పెట్టలేదు. అది వాడు ఎప్పుడూ చివర్లో చేసే పని.

వాడు అనుకున్నట్టే పూర్తి చేసి మీకివ్వాలని కూర్చున్నాను. వాడి ఫోల్డర్‌లో టెక్స్చర్లన్నీ ఉన్నాయి. ఏది వేసినా స్కూలు మీద బురద కొట్టినట్టుంది. ఎక్కడ చెరపాలో, ఎక్కడ వదలాలో నాకు తెలియదు. ఏడుపు వచ్చింది. సిస్టమ్ ఆపేసి కూర్చున్నాను.

అప్పుడే వాళ్ళావిడ సుధ ఫోన్ చేసింది. షర్టులు ఎంతవరకు వచ్చాయని తనే అడిగింది. నావల్ల కావడం లేదని చెప్పాను.

"ఆయన గీసిండేది గీసినట్లే ఏసేయన్నా" అంది. "మీరంతా ఏసుకొని ఉతుక్కుంటా ఉంటే అదే పాతదవుతాది."

కాబట్టి చుక్కలు లేవు. రేపు ప్రింట్ చేస్తాను. ఆదివారం కలవాలో వద్దో మీరు తేల్చుకోండి, షర్టు మాత్రం అందరికీ చేరుస్తాను. దాన్ని బీరువాలో మడిచి పెట్టకండి. తోటకి వేసుకెళ్ళండి, డెయిరీకి పాలు పోయడానికి వేసుకెళ్ళండి. నిండు ఇంకు, త్వరగానే బీటలిస్తుంది. ఇవ్వనీ.

కొత్తవాటన్నిటికీ వయసు తెచ్చినవాడు తల నెరవకముందే వెళ్ళిపోయాడు. నాకు వాడి మీద కోపంగా ఉంది.

వెళ్ళిరా మంజూ. అర్జెంట్ ఆర్డర్లు లేని చోట నీ ప్రాణం హాయిగా ఉండాలి.