కాలితో తొక్కనక్కర్లేని పంపు

కారు టైర్లకు గాలి కొట్టే పంపు ఎంచుకోవడంలో మొయినాబాదు నుంచి చేవెళ్ల దాకా నాకంటే తెలివితక్కువవాడు ఇంకొకడు లేడని ముందే ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోకపోయినా ఆ దారి పొడవునా సాక్షులున్నారు కాబట్టి దాచి లాభం లేదు.

రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి. నేను అబ్కారీ ఇన్‌స్పెక్టరు దగ్గర డ్రైవరును. ఈత చెట్లు, తాటి చెట్లు లెక్కబెట్టి, సర్కారు నంబరు పడకుండా కల్లు గీసిన చెట్టు కనబడితే కేసు రాయడం ఆయన పని. చెట్లు రోడ్డు పక్కకు వచ్చి నిలబడి సాహెబు కోసం ఎదురుచూడవు కదా. పొలాల గట్లు, వాగులు, తుమ్మకంపలు దాటించి కారును వాటి దగ్గరకు చేర్చడం నా పని. రెండేళ్లుగా నాది కచ్చా నౌకరీ. దాన్ని పక్కా చేసే కాగితం మీద సంతకం పెట్టవలసినవాడు పైనున్న పెద్ద సాహెబు, సిఫారసు చేయవలసినవాడు మా సాహెబు. ఆయనకు కోపమొస్తే నేను నోరు మూసుకోవాలి, సంతోషం వస్తే నోరు తెరిచి నవ్వాలి. అట్లా ఆ రెండేళ్లూ నా నోరు ఆయన మొహాన్ని బట్టి నడిచింది.

దసరాకు వారం ముందు మా పాత పంపు పగిలిపోయింది. కొత్తది తెమ్మని సాహెబు నన్ను పట్నం పంపాడు. దుకాణంవాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి కాలితో తొక్కేది. తొక్కినంతసేపు గాలి, ఆపితే లేదు. రెండోది చిన్న ఇత్తడి గొట్టం, దానికొక పొడవాటి రబ్బరు నాళం. ఇంజనులో ఒక ప్లగ్గు విప్పి ఆ బొక్కలో దీన్ని బిగించి ఇంజను నడిపిస్తే, అదే టైరుకు గాలి ఊదుతుందట.

"మీరు పక్కకు నిలవడి బీడీ తాగుతుంటె సాలు," అన్నాడు దుకాణంవాడు.

ఆ మాటకే నేను పడిపోయాను. నాకు బీడీ అలవాటు లేదు, అయినా పక్కకు నిలబడే అలవాటు పుట్టుకతో ఉంది. తొక్కేవాడు కూలీ, నిలబడేవాడు డ్రైవరు అనుకున్నాను. లోపల తోలు వాషరు ఉందనీ, దానికి నీళ్లు తగలకూడదనీ, అప్పుడప్పుడు ఒక నూనె చుక్క వేయాలనీ కూడా అతడు చెప్పాడు. నా చెవులు బీడీ దగ్గరే ఆగిపోయాయి. దుకాణంలోనే ఒకసారి బిగించి చూపిస్తానంటే నేనే వద్దన్నాను. దసరా ముందుంది. ఆయుధపూజ కాకుండా కొత్త పనిముట్టుతో పని మొదలుపెట్టడం మా ఇంటా వంటా లేదు.

పండుగ నాడు ఆ పంపును గంగాళంలో పసుపునీళ్లలో నిండా ముంచి స్నానం చేయించాను. కుంకుమ పెట్టాను, ఎర్రగుడ్డ చుట్టి నిమ్మకాయతో సహా కారులో సీటు కింద దాచాను. నా పెండ్లి నాడు నాకు కూడా అంత మంచి స్నానం జరగలేదు.

పండుగ వెళ్లిన మూడో రోజు పెద్ద సాహెబు చేవెళ్లలో ఒక్క రాత్రి మకాం. తెల్లవారితే వికారాబాదు వెళ్లిపోతాడు. నా కాగితం మా సాహెబు సంచిలో ఉంది. పొద్దున బయలుదేరేటప్పుడే ఆయన అన్నాడు: "దీపాలు పెట్టే యాల్లకు నన్ను చేవెళ్ల చేర్చు. చేర్చితె నీ కాగితం ముంగట పెడ్త. లేకుంటె దాన్ని మరిచిపో."

కనకమామిడి పక్క పొలాల్లో ఒక ఈత వనం చూసి, నంబరు లేని రెండు చెట్ల మీద సాహెబు కేసు రాశాడు. అక్కడి నుంచి అడ్డదారిన వాగు దాటాలి. వానలకు వాగునిండా కొత్త ఇసుక చేరింది. గట్టి టైర్లతో పోతే కూరుకుపోతామని నాకు తెలుసు. అందుకని నాలుగు టైర్లలోనూ గాలి సగానికి పైగా తీసేశాను. మెత్తబడ్డ టైరు ఒంటె పాదంలా వెడల్పై ఇసుక మీద తేలిపోతుంది. కారు నిజంగానే తేలిపోయి అవతలి గట్టు ఎక్కింది. ఆ నిమిషం వరకు నేను మొనగాడిని.

గట్టు అవతలంతా రాళ్లు. గాలి లేని టైర్లతో ఆ రాళ్ల మీద గజం నడిపినా ట్యూబులు చీలికలు పేలికలవుతాయి. వెనక ఇసుక, ముందు రాయి, నడుమ మేము. అప్పటికీ నాకు ఫికర్ లేదు. ఎర్రగుడ్డ విప్పాను. ప్లగ్గు తీసి పంపు బిగించాను. హ్యాండిల్ తిప్పితే ఇంజను మూడు కాళ్ల గుర్రంలా కుంటుతూ నడిచింది. నాళం కొస చేతిలో పట్టుకుని, గాలి వస్తుందో లేదో చూడమని సాహెబుకు చూపించాను.

ఫుస్సుమని పసుపునీళ్లు ఆయన తెల్లకోటు నిండా పడ్డాయి.

"గిదేందిరా! గాలి కొట్టుమంటె వసంతాలాడుతున్నవ్?"

తర్వాత గాలీ లేదు, నీళ్లూ లేవు. విప్పి చూస్తే నానిన తోలు వాషరు ఇంజను వేడికి ఉడికి, ముడుచుకుని, ఎండిన మాంసం తునకలా గొట్టం అడుగున పడి ఉంది.

"నీ తిత్తి తీస్త!" అన్నాడు సాహెబు.

"కొలిమి తిత్తి గావాల్నా సాబ్? మా ఊర్ల కమ్మరి తాన ఉన్నది," అని గట్టు మీద నుంచి ఒక గొంతు వినిపించింది. పొద్దున కేసు పడ్డ చెట్లు గీసే మనిషి. నడుముకు మోకు, వెనక గీతకత్తి. వాగు దాటి మా వెంటే వచ్చి, చెట్టుకు ఆనుకుని మమ్మల్ని చూస్తున్నాడు. "పొద్దుగాల నా మీద కేసు రాయనీకి వచ్చినప్పుడు మీ కారు మస్తు ఉరికింది గద సాబ్. గిప్పుడు గిట్ల కాళ్లు సాపుకున్నదేంది?"

పట్నానికి మనిషిని పంపి పంపు తెప్పించాలంటే ఆ పూట అయ్యే పని కాదు. ఎడ్లబండి మాట్లాడతానంటే సాహెబు ఒప్పుకోలేదు. సర్కారు కారును వాగు గట్టున పడేసి బండెక్కి పోతే పెద్ద సాహెబు ముందు ఇజ్జత్ ఏం కావాలి? నేనైనా నడిచిపోయి సాయం తెస్తానన్నాను. "కారు ఇడిచి అడుగు తీస్తె నీ కాగితం చింపుత," అన్నాడు. ఆయన కారు దిగడు, నన్ను కదలనివ్వడు. గుడ్డ టాపు కింద ఆయన, బానెటు పక్కన నేను. కారు నీడ చక్రాల కిందికి ముడుచుకుని, మళ్లీ అవతలి వైపుకు సాగడం మొదలుపెట్టింది. ఆ నీడ జానెడు పెరిగినప్పుడల్లా నా నౌకరీ జానెడు తరిగిపోతున్నట్టుండేది. దాన్ని ఇటు తొయ్యలేను, అటు లాగలేను. పెద్ద చదువులవాళ్లు జైలుకు పోవడం విన్నాను. గోడలు లేని జైలు నేను అక్కడే చూశాను.

అన్నం గంప నెత్తిన పెట్టుకుని ఆ గీసే మనిషి తల్లి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలి బొటనవేలితో నొక్కింది.

"గాలి లేకుంటె గడ్డి పెట్టుర్రి బిడ్డా."

"అవ్వా, కారు గడ్డి తినదు," అన్నాను.

"తినదని నాకెరుకనే. దూది లేనోల్లు పరుపుల గడ్డి కుక్కరా? గట్లనే గట్టిగ కుక్కితె ఎందుకు నడువదు?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్ల కళ్లంలో వరిగడ్డి వాము నాకు కనబడుతూనే ఉంది. కొడుకు మాత్రం చెట్టును వదల్లేదు.

"గడ్డి మాది, కేసు మీది సాబ్. మీదాన్ని మీరు చింపుకుంటె మాదాన్ని మేమిస్తం."

సాహెబు నా వైపు చూశాడు. నేను ఇంజను వైపు చూశాను. ఎటు మాట్లాడినా నా కాగితమే చిరిగేది. ఆయన చాలాసేపు కోటు మీది పసుపును గోటితో గీక్కున్నాడు. చివరకు సంచిలోంచి కేసు కాగితం తీసి, కంట్లో మందు వేయించుకునే పిల్లవాడిలా కళ్లు గట్టిగా మూసుకుని చింపాడు.

జాకీ మీద ఒక్కొక్క చక్రం లేపి ట్యూబు బయటకు లాగి కారులో వేశాను. అవ్వ గడ్డిని తాడులా పేనింది. కొడుకు దాన్ని టైరు లోపల చుట్టాడు, నేను వాళ్ల రోకలితో పోట్లు వేశాను. పక్కకు నిలబడదామని పంపు కొన్నవాడిని, ఆ రోజు నాలుగు టైర్లను దంచాను. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. కారు కదిలాక తొవ్వలో ఎడ్లు వెంటబడి, టైరు అంచుల్లో పొడుచుకొచ్చిన గడ్డిని పీకబోయాయి. సాహెబు గొడుగుతో వాటిని అదిలిస్తూ వచ్చాడు. మనిషి నడకతో పోటీపడుతూ, దీపాలు పెట్టే వేళకు చేవెళ్ల బంగళా ముందు ఆగాం.

పెద్ద సాహెబు వరండాలోంచి దిగివచ్చి చక్రాలు చూసి నవ్వాడు. "ఎవరిదీ దిమాగు?"

"నాదే హుజూర్," అన్నాడు మా సాహెబు, అవ్వ మాట, కేసు మాట ఎత్తకుండా.

"మరి ఈ డ్రైవరు కాగితం ఏదో ఉన్నదన్నవు?"

"ఇంకో ఏడు చూడాలె హుజూర్. పంపు ఏదో పసుపుకొమ్ము ఏదో ఎరుక లేదు వీనికి."

కాగితం మళ్లీ సంచిలోకి వెళ్లింది. బంగళా ఎదుట ఆగి ఉన్న వికారాబాదు బస్సు డ్రైవరు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "అన్న, మా తాన తొక్కే పంపు ఉన్నది, తీస్కపో. ట్యూబులు బాగనే ఉన్నయి గద."

అదే సమయానికి పెద్ద సాహెబు నన్ను పిలిచాడు. "డ్రైవర్, ఈ గడ్డి ఎన్ని దినాలు నడుస్తది?"

రెండేళ్లలో మొదటిసారి నా నోరు నాకు దొరికింది.

"పదిహేను దినాల దాక ఢోకా లేదు హుజూర్. సాబ్ దిమాగు గద."

"అయితె పదిహేను దినాలు ఇట్లనే దౌరా చెయ్యండి. రిపోర్టు రాసి పంపండి, అన్ని తాలూకాలకు చూపెడదాం," అన్నాడు ఆయన మా సాహెబుతో. బస్సు డ్రైవరు తన పంపును తీసుకుని నోరు తెరిచి నన్ను చూస్తూ వెళ్లిపోయాడు.

మర్నాడు ఊళ్లు తిరిగే ఆ దౌరాకు చిల్కూరు వైపు బయలుదేరాం. గడ్డి టైర్ల మీద నా నడుమూ విరిగిందని ఒప్పుకోవాలి. అయితే నాకు పట్టుకోవడానికి స్టీరింగు ఉంది. వెనక సాహెబు టాపు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఎగిరినప్పుడల్లా టోపీ సర్దుకోబోయి కడ్డీ వదులుతున్నాడు.

"జర మెల్లగ పోనియ్‌రా!"

"మెల్లగనే పోతున్న సాబ్," అన్నాను, ముందు తొవ్వలో మంచి రాయి ఎక్కడుందో వెతుక్కుంటూ.