తుప్పు తిన్న అక్షరం

మొన్న మా కోడలు ఫోనులో ఒక బొమ్మ చూపించింది. జలాశయం ఒడ్డున తెల్లగా సున్నం కొట్టిన పొడుగాటి గోపురం, చుట్టూ పూలకుండీలు, ముందు నిలబడి నవ్వుతున్న ఎవరో కొత్త దంపతులు. "అత్తా, దీపద కంబను బాగు చేసినారంట. మెట్లకు లైట్లు కూడా పెట్టినారంట. నువ్వు ఒకసారి ఎక్కినావు కదా, పైనుంచి ఎట్లుంటాది?" అని అడిగింది. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. "ఎత్తుగా ఉంటాది" అన్నాను. బియ్యపు గింజలు అరచేతికి అంటుకుని రావడం చూశాకే నా చేతులకు చెమట పట్టిందని తెలిసింది.

దీపద కంబ అంటే పాతకాలపు దీపస్తంభం. సముద్రం లేని మా బళ్ళారి సీమలో దీపస్తంభం ఏమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. ఆనకట్ట కట్టేటప్పుడు రాళ్లు మోసే పడవలకు దారి తెలియడానికి లేపారని కొందరంటారు. కాదు, నీళ్లలో మునిగిన ఊళ్ల జనాన్ని దాటించిన పడవల కోసమని ఇంకొందరు. ఎందుకు కట్టారో గాని నేను ఎరిగినప్పటినుంచి అందులో దీపం లేదు, పావురాళ్లు ఉన్నాయి. మా చెల్లెలికి మాత్రం అదంటే ఏదో మోజు. చెల్లెల్ని తారానగర్‌లో ఇచ్చారు. ఏళ్ల తరబడి సండూరు గుట్టల్లో ఇనుపరాయి ఏరే కూలికి పోయింది. పొద్దున్నే గుట్టెక్కితే చాలా దూరంలో నీళ్లు మెరిసేవట, ఆ మెరుపు పక్కన అగ్గిపుల్లంత ఈ కంబం కనబడేదట. "అంత దూరం నుంచి అది నన్ను చూస్తాంటే, ఒక్కసారన్నా నేను దాని మీదికెక్కి చూడల్ల కదక్కా" అనేది. కూలి మానేసే నాటికి దాని ఎర్రచీర ఏదో, ఎర్రమన్ను పట్టిన తెల్లచీర ఏదో ఎంత ఉతికినా తేడా తెలిసేది కాదు. చీరలోని దుమ్ము పోలేదు, ఛాతీలోదీ పోలేదు. నాలుగడుగులు గబగబా వేస్తే పిల్లికూతలు వచ్చేవి.

ఇక నా సంగతి. మాది ఎమ్మిగనూరు. వరినాట్లు, కలుపులు, చెరకు కొట్టుడు, వీటిలోనే యాభై ఎనిమిదేళ్లు వేలిముద్రతో గడిచిపోయాయి. తర్వాత ఊరి బడిలో సాయంత్రాలు ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతామంటే, ఇంట్లో నవ్వుతారని కూరగాయలకు పోతున్నట్టు సంచి పట్టుకుని పోయాను. అక్కడ కన్నడ అక్షరాలు వచ్చాయి. వాటి మీద మా కోడలు తెలుగు అక్షరాలు దిద్దించింది. ఇక నాకు పట్టపగ్గాలు లేవు. ఉప్పు పొట్లం, బస్సు బోర్డు, సారాయి మానమని గోడమీద రాసిన రాతలు, కనబడిందల్లా పైకి చదివేదాన్ని. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెనక సీటుకు పోయిన రోజులున్నాయి. కాని ముసలితనంలో చదువు నేర్చినవాళ్లకు ఒక పాడు అలవాటు ఉంటుంది. మాటలో మొదటి రెండక్షరాలు కంటితో చదువుతాం, మిగిలింది నోరు పూర్తి చేస్తుంది. మా పంతులమ్మ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. నేను వినలేదు. ఎక్కువసార్లు నోరు సరిగ్గానే చెప్పేది మరి.

ఆ రోజు చెల్లెల్ని హొసపేటలో ఆయాసం డాక్టరుకు చూపించడానికి తీసుకుపోయాను. ఆయన నోట్లో పెట్టుకుని పీల్చే పంపు ఒకటి రాసిచ్చాడు. ఎప్పుడూ దగ్గరుంచుకోమన్నాడు. చల్లగాలి మిషను తిరుగుతున్న ఆయన గది తలుపు మీద "బాగిలు హాకబేకు" అని రాసి ఉంది. తలుపు వేయాలి అని. నేను గట్టిగా చదివి తలుపు వేశాను. నర్సు "భలే అజ్జీ!" అన్నది. ఆ మెప్పు నెత్తికెక్కింది. పంపు కొని వైరు బుట్టలో వేశాక, బస్సుకు ఇంకా పొద్దుంది కదా, మధ్యాహ్నం దీపద కంబ చూసిపోదామని నేనే అన్నాను. చెల్లెలి ముఖం చూడాలి అప్పుడు. ఆటోవాడు మమ్మల్ని ఒడ్డున దింపి, గంటలో వస్తానని పోయాడు.

చుట్టూ కంపచెట్లు తప్ప మనిషి లేడు. కంబం అడుగున ఇనుప తలుపు బార్లా తెరిచి ఉంది. అది మూసుకోకుండా ఒక పెద్ద రాయి అడ్డం పెట్టారు. లోపల సుడి తిరిగిన రాతిమెట్లు. రెండు చేతులూ గోడకు ఆనిస్తేగాని ఎక్కలేం. వైరు బుట్ట వెంట తీసుకుపోవడం కుదరదని తలుపు బయట కొక్కేనికి తగిలించాను. చిత్రాన్నం డబ్బా, డాక్టరు చీటీ, ఎవరు ఎత్తుకుపోతారులే అనుకున్నాను. నా ఫోను, చెల్లెలి పంపు కూడా అందులోనే ఉన్నాయని ఇద్దరికీ తట్టలేదు.

తలుపు పక్కన రేకు బోర్డు ఉంది. నేను ఊరుకుంటానా? "బాగిలు హాకబే" దాకా చక్కగా కనిపించింది. ఆ తర్వాతి అక్షరాన్ని తుప్పు తినేసింది. కన్నడంలో ఆ "బే" పక్కన "కు" ఉంటే వేయాలని అర్థం, "డి" ఉంటే వేయవద్దని. పొద్దున డాక్టరు గది దగ్గర చదివిన నోరు ఇంకా అదే రుచిలో ఉంది. "బాగిలు హాకబేకు! తలుపు వేసి పోవల్లంట పాపా" అన్నాను.

"రాయి పెట్టినారు కదక్కా, తెరిచి ఉండల్లనేమో" అంది చెల్లెలు.

"రాయికి నోరుందా? బోర్డు చెప్తాంది కదా. మేకలు దూరతాయని రాసింటారు. నువ్వు నడువు."

అది లోపలికి నడిచింది. చదువుకున్న అక్క చెప్పింది కదా. నేను రాయిని కాలితో పక్కకు తోసి, తలుపు లాగాను. ధడాలున పడింది. బయట ఏదో టక్కుమంది. అది విన్నాను. విని కూడా మెట్లెక్కాను.

చెల్లెలు జారితే పట్టుకోవచ్చని దాన్ని ముందు నడవమన్నాను. ప్రతి మలుపులోనూ చీకటి. ఎక్కడో ఒకచోట చేయంత కిటికీ, అందులోంచి వెలుగు, అంతలో మళ్లీ చీకటి. మెట్ల నిండా పావురాళ్ల రెట్ట, ఈకలు. మా కాళ్లకింద పొడి లేచి ముక్కులకు ఎక్కింది. పైన నాలుగువైపులా అద్దాలు పగిలిన చిన్న గది, దాని చుట్టూ మనిషి పట్టేంత నడవ, తుప్పు పట్టిన కమ్మీలు. నాకు ఎత్తంటే భయం. గోడకు వీపు అంటించుకుని నిలబడ్డాను. చెల్లెలు మాత్రం కమ్మీ పట్టుకుని చిన్నపిల్లలా చేయి చాచింది. "అద్దో, ఆ ఎర్రగుట్ట! ఆడ నుంచే అక్కా, ఆడ నుంచే చూస్తాంటి!" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు.

గదిలో కూర్చోబెట్టాను. పిల్లికూతలు మొదలయ్యాయి, ఎప్పటిలాంటివి కావు. ఊపిరి లోపలికి పోతోందిగాని బయటికి రావడం లేదు. మెడనరాలు తాళ్లలా లేచాయి. "పంపు" అంది. అప్పుడు గుర్తొచ్చింది బుట్ట. "ఇప్పుడే తెస్తా" అని దిగాను. సగం దిగాక తెలిసింది, ఎక్కేటప్పటి కంటే కింద చీకటి ఎక్కువగా ఉంది. చివరి మెట్టు మీదనుంచి నేరుగా తలుపుకు గుద్దుకున్నాను. తోశాను. రాలేదు. లాగడానికి లోపల పిడి లేదు, పిడి ఉండిన చోట వేలు పట్టే బొక్క ఉంది. అందులోంచి చూస్తే జానెడు దూరంలో మా వైరు బుట్ట గాలికి ఊగుతోంది. తలుపు వేస్తే బయట గొళ్లెం దానంతట అదే పడుతుంది. అందుకే రాయి. అందుకే బోర్డు. అది "బేకు" కాదు, "బేడి". నాకు ఆ క్షణంలో ఆ అక్షరం చీకట్లో దీపంలా కనిపించింది.

ఎంత బాదినా ఆ చప్పుడు బయటికి పోకుండా నా నెత్తిమీదుగా గుండ్రంగా తిరిగి పైకి పోతోంది. చెల్లెలికి వినబడుతుందని భయమేసి బాదడం మానాను. మళ్లీ ఎక్కాను. చెల్లెలి పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. కళ్లతోనే బుట్ట ఏదని అడిగింది. "తెస్తాండారు" అన్నాను. ఎవరు తెస్తున్నారని అది అడగలేదు. అడిగే ఊపిరి లేదు.

నడవలోకి పోయి ఆ తుప్పు కమ్మీ మీద కడుపు ఆనించి వంగాను. కమ్మీ కదిలింది. కింద కంపచెట్ల అవతల ఒకామె నెత్తికి తువాలు చుట్టుకుని మేకలు కాస్తోంది. అరిచాను. గాలి నీళ్లవైపు నుంచి వీస్తూ నా అరుపును నా గొంతులోకే తోసింది. చీర కొంగు ఊపాను, ఆమె చూడలేదు. కాలి చెప్పు తీసి విసిరాను, కంపలో పడింది. రెండోది బలమంతా పెట్టి విసిరితే పోయి ఒక మేక వీపున తగిలింది. ఆమె దిగ్గున లేచింది. చెప్పు తీసుకుంది. తలెత్తి నన్ను చూసింది. నేను రమ్మని రెండు చేతులూ ఊపాను. ఆమెకది ఎకసెక్కంగా కనిపించింది కాబోలు, కట్టె ఝళిపించింది. నేను ఇంకా ఊపాను. ఆమె ఇంకా తిడుతూ కంబం వైపు పరుగులాంటి నడకతో వచ్చింది. నా బతుకులో నన్ను తిట్టడానికి వచ్చే మనిషి కోసం అంత ఆశగా ఎదురుచూసింది లేదు. మళ్లీ కిందికి ఉరికాను.

తలుపు బొక్కలోంచి ఆమె గొంతు వచ్చింది. "యారే నువ్వు? దిగిరా బయటికి! కడుపుతో ఉండే మేక మీద చెప్పు ఇసుర్తావా? నీ చేతికి పురుగు పడ!"

"దిగేకి తలుపు తీయల్ల కదమ్మా! తీ తల్లీ, తీసి ఆ చెప్పుతోనే కొట్టు నన్ను! పైన నా చెల్లెలికి ఊపిరాడలేదు!"

గొళ్లెం లేచిన చప్పుడు వినబడింది. నేను బుట్ట లాక్కుని మెట్లెక్కాను. ఆమె నా వెనకే వచ్చింది. నేను పంపు చెల్లెలి నోట్లో పెట్టి నొక్కాను. ఆమె దాని వీపు నిలబెట్టి పట్టుకుంది. ఒకసారి. కూత ఆగలేదు. రెండోసారి. ఆమె చేతిలో ఇంకా నా చెప్పే ఉంది, దాంతోనే విసరడం మొదలుపెట్టింది. చెల్లెలి ఛాతీ పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. నేను దాని ముఖాన్నే చూస్తున్నాను. నిలిచింది, నిలిచింది, తర్వాత ఊపిరి సన్నగా, చిల్లు పడిన గాలిగుమ్మటంలా బయటికి వచ్చింది. మళ్లీ లేచింది. ఈసారి త్వరగా దిగింది.

"బాగిలు యారు హాకిండ్రు?" అని అడిగింది మేకలామె. తలుపు ఎవరు వేశారని. చెల్లెలు కళ్లు మూసుకునే, మాటకొక ఊపిరి తీస్తూ, "గాలి... గాలికి పడిందమ్మా" అంది.

మేము మెల్లగా ఒక్కో మెట్టూ కూర్చుంటూ దిగాం. కింద ఆమె కట్టెతో బోర్డును తట్టింది. "నాకు ఓదేకి బరల్లమ్మా, చదువు రాదు. అయినా దీంట్లో ఏముందో తెలుసు. బాగిలు హాకబేడి. పోయిన ఏడాది ఇద్దరు ఇట్లే ఇరుక్కుంటే నేనే తీసినా. చదువుకున్నోళ్లే వాళ్లు." అని నా చెప్పు నా ముందు పడేసి, రెండోది కంపలోనే వెతుక్కోమని చెప్పి, మేకల దగ్గరికి పోయింది.

ఆటో రాలేదింకా. నీడలో కూర్చున్నాక, "గాలి కాదు, నేనే" అన్నాను.

"తెలుసులే. ముందర నడిచింది నేనే కదా, నువ్వు లాగింది ఇన్లేదా?" అంది చెల్లెలు. "ఆమె ముందర మా అక్కను తక్కువ చేయల్లనా? ఇంతకీ ఆ అక్షరం ఎట్లుంటాది?"

మట్టిలో వేలితో రెండూ రాశాను. ఇది "కు", ఇది "డి". అది తల వంచి చాలాసేపు చూసింది. "ఇంతేనా? ఇంత చిన్నదా?" అంది. ఊపిరి ఇంకా కొంచెం కూస్తోంది. నేను వింటూ కూర్చున్నాను.

తలుపు దగ్గర నేను అరిచినప్పటినుంచి చెల్లెలు ఊపిరి వదిలేదాకా నాలుగైదు నిమిషాలు కూడా కాదట, చెల్లెలే అంటుంది. కావచ్చు. అక్షరం లేకుండా యాభై ఎనిమిదేళ్లు ఎట్లా గడిచాయని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఒక్క అక్షరం లేక గడిచిన ఆ కాస్తసేపు మాత్రం ఎంత అడిగినా చెప్పగలను, అది ఇంకా గడవలేదు కాబట్టి.